కృష్ణలో పడవెక్కేవాళ్ళు బెజవాడలో ఎక్కడ బస చేయాలి? ఘాటు వైపా, స్టేషన్ వైపా?

బెజవాడలో హోటల్ వెతికేవాళ్ళు చాలామంది ఫోన్లో దుర్గమ్మ గుడి అని కొట్టి, అక్కడికి ఎన్ని కిలోమీటర్లో చూసి, దగ్గర్లో చవగ్గా దొరికింది పట్టేస్తారు. వేరే ఊళ్ళలో ఆ లెక్క నడుస్తుందేమో గానీ ఇక్కడ నడవదు. నదిని ఆనుకుని గుడి కొండ ఇంద్రకీలాద్రి అడ్డం నిలబడింది. రైలు పట్టాలు పాతబస్తీ అయిన వన్‌టౌన్‌ని మిగతా ఊరి నుంచి విడగొట్టాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదలయ్యే బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ ఆ మిగతా ఊరిని మళ్ళీ ముక్కలు చేశాయి. వీటిని ఎక్కడ పడితే అక్కడ దాటలేం. వంతెనో, అండర్‌బ్రిడ్జో, సొరంగమో, ఫ్లైఓవరో ఉన్నచోటికి వెళ్ళే దాటాలి. ఊరు ఊరంతా అక్కడికే వస్తుంది. అందుకే పడవ కోసం వచ్చేవాళ్ళు కిలోమీటర్లు పక్కనపెట్టి, హోటలుకీ ఘాటుకీ మధ్య, హోటలుకీ తిరుగు రైలుకీ మధ్య ఎన్ని అడ్డాలున్నాయో లెక్కపెట్టుకోవాలి. ఊళ్ళోని పేటల్ని ఆ కొలతతోనే బేరీజు వేశాం.

ముందు ఘాటు సంగతి. భవానీ ద్వీపం బ్యారేజీకి ఎగువన, నది మధ్యలో 133 ఎకరాల లంక. దానికి పడవలు పున్నమి ఘాటు నుంచీ, దుర్గా ఘాటు నుంచీ నడుస్తాయి. దుర్గా ఘాటు గుడి కిందే ఉంది. పున్నమి ఘాటు ఇంకా పడమరగా భవానీపురంలో, రాష్ట్ర పర్యాటక సంస్థ వాళ్ళ హోటల్ హరిత బెర్మ్ పార్కు దగ్గర. 2024 నవంబరు 9న శ్రీశైలానికి సీప్లేన్ ప్రయోగాత్మకంగా ఎగిరింది ఈ పున్నమి ఘాటు నుంచే. మీ పడవ ఏ ఘాటు నుంచో తేల్చుకోకుండా ఆటో ఎక్కొద్దు. ఎందుకంటే 2020లో తెరిచిన కనకదుర్గ ఫ్లైఓవర్ గుడి దగ్గరి రద్దీని కింద వదిలేసి బండిని నేరుగా భవానీపురం వైపు దింపుతుంది. పున్నమి ఘాటుకి వెళ్ళేవాళ్ళకి అదే సరైన దారి. దుర్గా ఘాటుకి వెళ్ళాల్సిన ఆటో పొరపాటున ఫ్లైఓవర్ ఎక్కిందంటే మాత్రం ఘాటు కిందే ఉండిపోతుంది, అవతల దిగి, తిరిగి కింది రోడ్డు మీదుగా వెనక్కి రావాలి. ఎక్కేటప్పుడే "దుర్గా ఘాటు, కింది రోడ్డు" అని చెప్పండి.

పడవకి ముందు రాత్రికి మా మొదటి ఓటు భవానీపురం. కారణం ఒక్కటే: మధ్యలో దాటాల్సిందేమీ లేదు. కొండ, పట్టాలు, కాలవలు అన్నీ మీకు తూర్పునే ఉండిపోతాయి. పొద్దున్నే లేచి టిఫిన్ చేసి తాపీగా ఘాటుకి చేరొచ్చు. హైదరాబాదు నుంచి కారులో వచ్చేవాళ్ళకైతే ఊరి లోపలికి అడుగుపెట్టే పనే పడదు. గొల్లపూడి దాటగానే భవానీపురం. బస్సులో వచ్చేవాళ్ళు కూడా పండిట్ నెహ్రూ బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి రావడం దండగ. చాలా బస్సులు గొల్లపూడిలోనూ భవానీపురంలోనూ ఆపుతాయి. టికెట్టు తీసుకునేటప్పుడే దిగే చోటుగా అది రాయించుకోండి. ఒక్క జాగ్రత్త ఏమిటంటే, హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళకి నది కుడిచేతి వైపు ఉంటుంది. అంటే నది ఒడ్డు హోటల్ అయినా ఘాటైనా హైవే దాటి అవతలికి వెళ్ళాలి. పెద్ద పెట్టెలతో, ముసలివాళ్ళతో ఆ రోడ్డు నడిచి దాటే సాహసం చేయొద్దు. దిగినచోటే ఆటో మాట్లాడుకుని, ముందున్న సెంటర్లో తిప్పించుకుని వెళ్ళండి. ఊళ్ళోంచి వచ్చేవాళ్ళకి ఈ బాధ లేదు, నది ఎడమ వైపే కాబట్టి నేరుగా లోపలికి తిరగొచ్చు.

భవానీపురంలో లోటుపాట్లు కూడా చెప్పాలి. హోటళ్ళు తక్కువ. ఉన్నవాటిలో శని, ఆదివారాల గదులు త్వరగా నిండిపోతాయి. కార్తీక మాసంలో వనభోజనాల వాళ్ళంతా ద్వీపానికే బయల్దేరతారు కాబట్టి ఆ నెల వారాంతాలకి మరీ ముందుగా చూసుకోవాలి. నదికి ఎదురుగా ఉన్న గది అంటే పొద్దున్నే కిటికీలోంచి కృష్ణ కనిపిస్తుంది, నిజంగానే బాగుంటుంది. అదే కిటికీ సాయంత్రం ఆరింటికి తెరిచి ఉంచితే గది నిండా దోమలు. వర్షాకాలంలో తెల్లగా వెలిగే దీపం దగ్గరికి నది పురుగులు కూడా చేరతాయి. గది తీసుకోకముందే కిటికీకి మెష్ ఉందో లేదో, అది చిరగలేదో చేత్తో తట్టి చూడండి. పెళ్ళి ముహూర్తాల రోజుల్లో నది ఒడ్డు లాన్లలో ఫంక్షన్లు జరుగుతాయి. బ్యాండూ డీజే రాత్రి పొద్దుపోయేదాకా మోగుతూనే ఉంటాయి. బుక్ చేసేటప్పుడు "ఆ రోజు లాన్లో ఫంక్షనుందా?" అని ఒక్క ప్రశ్న అడగండి. ఉందంటే రోడ్డు వైపు గది అడగడమే మేలు. లారీల చప్పుడు కాసేపటికి అలవాటవుతుంది, మైకు చప్పుడు అలవాటవదు.

ద్వీపంలోనే కాటేజీలో పడుకోవచ్చు కదా అని అడిగేవాళ్ళుంటారు. వరదలు ఆ లంక మీదకి ఎక్కిన ప్రతిసారీ అక్కడి కట్టడాలకి దెబ్బ తగులుతుంది, మరమ్మతులు జరుగుతాయి. కాబట్టి ప్రయాణానికి ముందు వారం పర్యాటక సంస్థని అడిగి, గదులు ఇస్తున్నారని తేలాకే ఆ ఆలోచన పెట్టుకోండి. ఇంకో మాట. ద్వీపంలో పడుకున్నవాళ్ళకి మర్నాడు ఒడ్డుకి రావాలన్నా పడవే గతి. తెల్లవారుజామున రైలున్నవాళ్ళు దాని జోలికి వెళ్ళకూడదు.

పడవ అయ్యాక రాత్రికి లెక్క తిరగబడుతుంది. అప్పుడు కావాల్సింది స్టేషన్. గాంధీనగర్, హనుమాన్‌పేట, గవర్నరుపేట, ఈ మూడూ రైల్వే స్టేషన్‌కి ఒకటో నంబరు ప్లాట్‌ఫాం వైపు ఉన్న పేటలు. చిన్న లాడ్జి నుంచి పాతకాలపు పెద్ద హోటళ్ళ దాకా ఇక్కడ అన్ని రకాలూ దొరుకుతాయి. గాంధీనగర్‌లోని ఇలాపురం లాంటివి దశాబ్దాలుగా ఊరందరికీ తెలిసినవి, ఆటోకి దారి చెప్పక్కర్లేదు. తిండికీ ఈ చుట్టుపక్కలకి మించింది లేదు. గాంధీనగర్ బాబాయ్ హోటల్‌లో వెన్న వేసిన ఇడ్లీ పొద్దున్నే దొరుకుతుంది. సాయంత్రమైతే వీధివీధికీ పునుగుల బండ్లు. ద్వీపం నుంచి ఎండకి వాడిపోయి వచ్చిన పిల్లలకి నాలుగడుగుల్లో భోజనం దొరకడం అన్నది చిన్న విషయం కాదు.

అదే పేటలో పడవకి ముందు రాత్రి దిగితే? పనవుతుంది, కాకపోతే సమయం తినేస్తుంది. స్టేషన్ నుంచి పున్నమి ఘాటు దాదాపు 5 కిలోమీటర్లే. పొద్దున ఏడులోపు బయల్దేరితే ఇట్టే వెళ్ళిపోవచ్చు. తొమ్మిది దాటిందంటే పట్టాలు దాటేచోట స్కూలు బస్సులు, వన్‌టౌన్ సరుకు బండ్లు, గుడికి వెళ్ళే ఆటోలు ఒకేచోట ఇరుక్కుంటాయి. వానపడితే అండర్‌బ్రిడ్జిల కింద నీళ్ళు నిలుస్తాయి, అప్పుడు దారి మళ్ళించక తప్పదు. మామూలు రోజున ఒక అరగంట, శుక్రవారం, ఆదివారం ముప్పావుగంట పెట్టుకుని బయల్దేరండి.

రైలు దిగి నేరుగా ఘాటుకే వెళ్ళిపోయేవాళ్ళకి ఒక చిట్కా. అందరూ అలవాటుగా ఒకటో ప్లాట్‌ఫాం వైపు బయటికొస్తారు. మీరు పదో ప్లాట్‌ఫాం వైపున్న తారాపేట ద్వారం నుంచి బయటికి రండి. అది వన్‌టౌన్ వైపు తెరుచుకుంటుంది, పట్టాలు దాటే పని స్టేషన్ లోపలే కాళ్ళతో అయిపోతుంది. అండర్‌బ్రిడ్జి దగ్గర ఆటోలో ఇరుక్కునే బాధ తప్పుతుంది. పగలంతా పడవా, దర్శనమూ చూసుకుని రాత్రి రైలుకే వెళ్ళిపోయేవాళ్ళకి అసలు హోటలే అక్కర్లేదు. స్టేషన్ క్లోక్‌రూంలో సామాను పెట్టొచ్చు. టికెట్టు చూపించాలి, ప్రతి పెట్టెకీ తాళం ఉండాలి. జిప్పుకి తాళం లేని బ్యాగు తీసుకోరు కాబట్టి చిన్న తాళాలు వెంట ఉంచుకోండి. స్నానానికీ నడుం వాల్చడానికీ స్టేషన్ రిటైరింగ్ రూములున్నాయి. ఐఆర్‌సీటీసీలో పీఎన్ఆర్ నంబరుతో బుక్ చేసుకోవాలి. డబ్బు తక్కువ, శుభ్రత ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్ళని బట్టి. నలుగురైదుగురు కుటుంబంగా వస్తే మాత్రం లాడ్జిలో ఒక గది తీసుకోవడమే సుఖం.

బస్టాండు చుట్టూ ఉన్న లాడ్జిల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. రాత్రి పన్నెండింటికి బస్సు దిగి, తెల్లారి నాలుగింటికి లేచి దర్శనానికి వెళ్ళేవాళ్ళకి బాగుంటాయి. రోజంతా హారన్లు. గది లోపలి వరండా వైపు అడగండి. ఒక్క సుగుణం: గుడి, దుర్గా ఘాటు ఇక్కణ్ణుంచి నది ఒడ్డు వెంట ఒకే దారి, పట్టాల గొడవ లేదు. గొల్లపూడి, ఇబ్రహీంపట్నం వైపు వెళ్ళే సిటీ బస్సు ఎక్కితే భవానీపురం కూడా దారిలోనే. 2025 ఆగస్టు 15 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన రాష్ట్రం ఆధార్ ఉన్న ఆడవాళ్ళకి టికెట్టు డబ్బులు లేవు. అక్కాచెల్లెళ్ళూ అత్తాకోడళ్ళూ కలిసి వచ్చే గుంపులకి ఆటో ఖర్చు అలా మిగులుతుంది.

ఇక లబ్బీపేట, మొగల్రాజపురం, బెంజ్ సర్కిల్. బందరు రోడ్డు మీద ఫార్చ్యూన్ మురళీ పార్క్, డీవీ మేనర్ లాంటివీ, హైవే వైపు భారతీనగర్‌లో నోవాటెల్ కూడా ఈ తూర్పు భాగంలోవే. మంచి పరుపు, లిఫ్టు, జనరేటరు, కారు పెట్టుకోవడానికి చోటు, పొద్దున ఆరింటికైనా వేడినీళ్ళు. పెద్దవాళ్ళని తీసుకొచ్చేవాళ్ళకీ, గన్నవరం విమానం ఎక్కేవాళ్ళకీ ఈ వైపే సరి. విమానాశ్రయం ఊరికి దాదాపు 20 కిలోమీటర్లు, బెంజ్ సర్కిల్ నుంచి హైవే ఎక్కితే తిన్నగా వెళ్ళిపోవచ్చు. భవానీపురంలో బసచేసి విమానానికి వెళ్ళాలంటే ఊరు మొత్తం ఈ చివర నుంచి ఆ చివరికి దాటాలి. ఆ పని సాయంత్రం ఆరు ఎనిమిది మధ్య పెట్టుకోకండి. అలాగే పొద్దున పడవకి ఈ వైపు నుంచి వెళ్ళేవాళ్ళు బందరు రోడ్డు, బస్టాండు, ఫ్లైఓవర్ వరుసలో మొత్తం దాటాలి. హోటల్ బఫే టిఫిన్ ఏడున్నరకి మొదలవుతుందంటే, అది తిని ఘాటుకి చేరేసరికి పొద్దెక్కిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు దాటాక ఆ ద్వీపంలో తిరగడం ఎవరి వల్లా కాదు. టిఫిన్ ప్యాక్ చేసి ఇస్తారేమో ముందు రోజు రాత్రే అడగండి, పెద్ద హోటళ్ళలో చాలావరకు ఇస్తారు.

నది అవతల తాడేపల్లి, ఉండవల్లి వైపు చూపించే గదులు కూడా వెబ్‌సైట్లలో బెజవాడ పేరుమీదే కనిపిస్తాయి. ప్రశాంతంగా ఉంటుంది, గుంటూరు, మంగళగిరి వాళ్ళకి దగ్గర. కారు, ఆటో, బైకు అయితే ప్రకాశం బ్యారేజీ మీదుగా గుడి దగ్గరికి దిగొచ్చు. బస్సునీ లారీనీ బ్యారేజీ మీదకి రానివ్వరు. మినీ బస్సు మాట్లాడుకున్న బృందాలు నది మీదున్న ఇంకో వంతెన, కనకదుర్గ వారధి మీదుగా చుట్టూ తిరిగి రావాలి, అది డ్రైవరుకి ముందే చెప్పి ఉంచండి. వరద పెద్దదైతే బ్యారేజీ మీద రాకపోకలు ఆపేస్తారు, అప్పుడు కార్లవాళ్ళకీ అదే చుట్టుదారి.

వెబ్‌సైట్ల మోసం అనలేం గానీ, వాటి లెక్క మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. "గుడికి 2 కిలోమీటర్లు" అని రాసి ఉన్నది చాలాసార్లు మ్యాపు మీద గీత గీసిన దూరం. విద్యాధరపురం, చిట్టినగర్ వైపు గదులకి ఇది మరీ వర్తిస్తుంది: కొండకి వెనకవైపు అవి, గుడికి ముందువైపు దారి. మధ్యలో కొండ చుట్టి రావాలి. కానూరు, పోరంకి కూడా బెజవాడ అనే రాసి ఉంటాయి, అవి బందరు రోడ్డు మీద ఊరికి తూర్పు చివర. మ్యాపులో హోటల్ నుంచి పున్నమి ఘాటుకి కారు దారి అడిగి, బయల్దేరే సమయం పొద్దున తొమ్మిదిన్నర అని పెట్టి చూడండి. అప్పుడు వచ్చే నిమిషాలే నిజమైన దూరం.

డబ్బు దగ్గర అందరూ నష్టపోయేది చెక్ అవుట్ లెక్కలో. బెజవాడ లాడ్జిల్లో చాలావాటికి 24 గంటల పద్ధతి, పెద్ద హోటళ్ళకి మధ్యాహ్నం పన్నెండు పద్ధతి. తెల్లవారుజామున అయిదింటికి రైలు దిగారనుకోండి. 24 గంటల లాడ్జిలో అయిదింటికి గది తీసుకుంటే మర్నాడు అయిదు దాకా మీదే. స్నానం, దర్శనం, పడవ, మధ్యాహ్నం నిద్ర, రాత్రి పదింటి రైలు, అన్నీ ఒక్క రోజు అద్దెలో అయిపోతాయి. మధ్యాహ్నం పన్నెండు పద్ధతి ఉన్నచోట అదే అయిదింటికి వెళితే ముందు రోజు అద్దె కలిపో, సగం కలిపో అడుగుతారు. పోనీ పన్నెండింటికే వెళదామంటే పొద్దుటి పడవ పోయింది. అందుకే రాత్రి రైలుకి వెళ్ళిపోయేవాళ్ళు కాస్త గది పాతదైనా 24 గంటలదే తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే అదే లాడ్జి పన్నెండు పద్ధతిలోకి మారిపోవడం కూడా ఉంది, వెబ్‌సైటు షరతు అలా ఉంటుంది మరి. ఫోన్ చేసి, "ఆన్‌లైన్ బుకింగుకీ 24 గంటలేనా?" అని అడిగి, అవునంటే ఆ మాట వాట్సాప్‌లో పెట్టించుకోండి.

బిల్లులో జీఎస్టీ కూడా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న గదికి పన్ను 5 శాతమే, అంతకుముందు 12 ఉండేది. 2,000 రూపాయల గదికి 100 రూపాయలు పడాలి, 240 కాదు. 7,500 దాటితే 18 శాతం. రిసెప్షన్‌లో ఎవరైనా పాత రేటు వేసి బిల్లు ఇస్తే నెమ్మదిగా చెప్పండి, సరిచేసి ఇస్తారు.

గదిలోకి వెళ్ళాక చూసుకోవాల్సినవి పడవ ప్రయాణికులకి కొంచెం వేరు. ఘాటులో స్నానం చేసినవాళ్ళకి తడి బట్టలుంటాయి. మెట్ల రెయిలింగు మీద ఆరేస్తే హోటల్‌వాళ్ళు ఒప్పుకోరు, బాత్రూంలో ఆరవు. బాల్కనీ ఉన్న గది దొరక్కపోతే రెండు మూడు గజాల నైలాను తాడు వెంట తెచ్చుకుని ఫ్యాను గాలికి కట్టుకోవచ్చు. వేడినీళ్ళు గీజరువా, లేక పైన ట్యాంకు నుంచి పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా వదిలేవా అని అడగాలి. రెండో రకమైతే తెల్లవారుజామున నాలుగింటికి దర్శనానికి లేచేవాళ్ళకి చన్నీళ్ళే. కరెంటు పోతే జనరేటరు మీద ఏసీ నడుస్తుందో, లైటూ ఫ్యానూ మాత్రమేనో కూడా అడగండి. మే నెలలో ఆ తేడాతోనే నిద్ర పడుతుందో లేదో తేలుతుంది. కారు కింద సెల్లార్‌లో పెట్టాలంటే పైన క్యారియరు కట్టిన బండి ర్యాంపు దగ్గర తగులుకుంటుంది, టెంపో ట్రావెలర్ అసలు దిగదు. డ్రైవరు పడుకోవడానికి చోటుందా అన్నది చాలామంది మర్చిపోతారు. రాత్రంతా సీట్లో వంకరగా పడుకున్న మనిషి మర్నాడు ఆరు గంటలు బండి నడపాలి, ఆ సంగతి మనమే చూడాలి. పెద్దవాళ్ళందరి గుర్తింపు కార్డులూ కావాలి, ఒకరిది సరిపోదు.

హోటల్ కౌంటర్లో పడవ టికెట్లు కూడా ఇప్పిస్తామంటారు. అక్కడ జాగ్రత్త. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పవిత్ర సంగమం వైపు వెళుతున్న పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయారు. దానికి అనుమతి లేదు, లైఫ్ జాకెట్లు లేవు. కాబట్టి టికెట్టు ఘాటు దగ్గర అధికారిక కౌంటర్లోనే తీసుకోండి. మనిషి మనిషికీ జాకెట్ ఇచ్చారా, పిల్లలకి పిల్లల సైజు ఇచ్చారా, బకిల్ పడుతోందా చూసి మరీ పడవెక్కండి. తిరుగు పడవ ఆఖరిది ఎన్నింటికో వెళ్ళేటప్పుడే అడగండి. సాయంత్రం అందరూ ఒక్కసారే ఒడ్డుకి బయల్దేరతారు, వరుస పెద్దదవుతుంది. రైలు ఉన్నవాళ్ళు ఆఖరి పడవకి ముందు పడవలో వచ్చేయాలి. గాలి పెరిగితే మధ్యలో పడవలు ఆపేస్తారు కూడా. అప్పుడు సిబ్బందితో వాదించొద్దు, వాళ్ళు చేసేది సరైన పని.

సముద్రపు ఓడ ఎక్కేవాళ్ళకీ బెజవాడ మజిలీయే. చెన్నై నుంచో, 2023లో కొత్త క్రూయిజ్ టెర్మినల్ వచ్చిన విశాఖ నుంచో ఓడ ప్రయాణం బుక్ చేసుకున్న గుంటూరు, నరసరావుపేట, తెనాలి వాళ్ళు చాలామంది ఇక్కడే రైలు మారతారు. పొద్దున ఆరింటి ప్రాంతంలో బయల్దేరే పినాకిని, రత్నాచల్ రెండూ ఇక్కణ్ణుంచే మొదలవుతాయి, ఒకటి చెన్నైకి, రెండోది విశాఖకి. గుంటూరు నుంచి 30 కిలోమీటర్ల పైచిలుకే అయినా, ఆ వేళకి పిల్లలతో, పెట్టెలతో ఇంటి నుంచి వచ్చి అందుకోవడం కష్టం. ముందు రాత్రి గాంధీనగర్‌లోనో హనుమాన్‌పేటలోనో పడుకోవాలి. ఇక్కడ భవానీపురం మాటే వద్దు. అంతకన్నా ముఖ్యం, ఈ రైళ్ళు అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఓడ గేటు బయల్దేరే సమయానికి చాలా ముందే మూసేస్తారు. రైలు ఒక గంట ఆలస్యమైతే ఓడ ఆగదు, డబ్బు తిరిగి రాదు. కాబట్టి ఓడకి ఒక రోజు ముందే ఆ ఊరు చేరి, అక్కడ కూడా ఒక రాత్రి గది తీసుకోండి. చెన్నైలో అయితే సెంట్రల్ స్టేషన్ చుట్టుపక్కలే సరి. ఓడరేవు ఉన్న రాజాజీ సాలై అక్కడికి మూడు కిలోమీటర్లు దాటదు. విమానంలో వచ్చేవాళ్ళకి ఎయిర్‌పోర్టు నుంచి బ్లూ లైన్ మెట్రో సెంట్రల్ మీదుగా హైకోర్టు, మన్నడి దాకా వెళుతుంది. తిరుగు ప్రయాణంలో రాత్రి పొద్దుపోయి బెజవాడలో దిగితే, గుంటూరుకి అప్పటికప్పుడు కారు మాట్లాడుకునే బదులు 24 గంటల లాడ్జిలో ఒక గది తీసుకుని పొద్దున బస్సుకి వెళ్ళడం ఒంటికీ జేబుకీ మంచిది.

తేదీల విషయంలో రెండు హెచ్చరికలు. దసరా తొమ్మిది రోజులూ, ముఖ్యంగా అమ్మవారి జన్మనక్షత్రమైన మూలా నక్షత్రం నాడు, గుడి చుట్టూ ట్రాఫిక్ మొత్తం మళ్ళిస్తారు. చలికాలంలో భవానీ దీక్షల విరమణ రోజులూ అంతే. ఆ రోజుల్లో పడవ కోసం రావొద్దు, దర్శనం కోసం రండి, అదీ గుడికి నడిచి వెళ్ళగలిగే చోటే గది తీసుకుని. అన్నిటికన్నా కష్టం అప్పటికప్పుడు గది దొరకడం.

రెండోది వరద. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఎగువ నుంచి నీళ్ళొస్తే పడవలు ఆపేస్తారు, ద్వీపం మూసేస్తారు. బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది. 2024 సెప్టెంబరు 2న అది 11.43 లక్షలకి చేరింది, బ్యారేజీ చరిత్రలోనే ఎక్కువ. అయితే మొదటి హెచ్చరిక వచ్చేదాకా పడవలు నడుస్తూనే ఉంటాయనుకోవద్దు, చాలా ముందే ఆపేస్తారు. శ్రీశైలం, నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారన్న వార్త వచ్చిందంటే తొందరలోనే ఆ నీళ్ళు ఇక్కడికి వస్తాయి. ఈ నెలల్లో గది బుక్ చేస్తే రద్దు చేసుకునే వీలున్న రేటే తీసుకోండి, నాలుగు వందలు ఎక్కువైనా సరే. డబ్బు తిరిగి ఇవ్వం అనే హోటల్ అయితే, తేదీ మార్చుకోనిస్తారా అని అడిగి ఆ జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఘాటు కౌంటరుకి ఫోన్ చేసి, "రేపు పడవలు నడుస్తున్నాయా, ఏ ఘాటు నుంచి?" అని కనుక్కున్నాకే పెట్టె సర్దండి.